‘ప్రాచ్య’ అన్న పేరు గురించి తిరుపతి విద్యాసంస్థల పెద్దలకు బహిరంగ లేఖ

తిరుపతిలో ‘ఓరియంటల్’, ‘ప్రాచ్య’ అన్న పేర్లతో నడుస్తున్న విద్యా పరిశోధన సంస్థల పాలకమండళ్ల పెద్దలకు నమస్కరించి చేసుకుంటున్న విన్నపం.

నేను ఈ ఊళ్లోనే సంస్కృతాంధ్రాలు చదువుకుని, చిత్తూరు జిల్లా ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితుడిగా పనిచేసి, ఇప్పుడు విశ్రాంత జీవితం గడుపుతున్నవాణ్ణి. నా పట్టాల మీద ఇంగ్లీషులో ‘ఓరియంటల్’ అనీ, తెలుగులో ‘ప్రాచ్య’ అనీ రాసి ఉంది. ఆ చదువే నాకు అన్నం పెట్టింది కాబట్టి ఆ మాట మీద నాకు ద్వేషం లేదు. అయితే ఇంగ్లీషు మాట్లాడే దేశాలు దానిని చట్టాల నుంచీ విశ్వవిద్యాలయాల పేర్ల నుంచీ ఒక్కొక్కచోటే తొలగిస్తున్న ఈ కాలంలో, మనం దానిని ఎందుకు పెట్టుకున్నామో, ఇంకా ఎంతవరకు ఉంచుకోవాలో ఒకసారి కూర్చుని ఆలోచించమని మిమ్మల్ని కోరుతున్నాను. నా కోరిక ఏమిటో ముందే చెప్పేస్తాను. పాత పేరు రాతి మీదా పాత ప్రచురణల మీదా ఉన్నచోట ఉన్నట్టే ఉండనివ్వండి. ఇకమీదట ప్రారంభించే శాఖలకూ, కోర్సులకూ, అచ్చువేసే ఇంగ్లీషు కాగితాలకూ మాత్రం మనం నిజంగా చేస్తున్న పనినే పేరుగా పెట్టండి. ఎందుకలా అడుగుతున్నానో చెప్పాలంటే ఆ మాట నడిచి వచ్చిన దారి కొంత వివరించాలి.

‘ఓరియంట్’కు మూలం లాటిన్ భాషలో ‘ఉదయించడం’ అనే అర్థం గల క్రియ. ఉదయిస్తున్న సూర్యుడు ఉన్న దిక్కు ‘ఓరియన్స్’, అస్తమిస్తున్న సూర్యుడు ఉన్న దిక్కు ‘ఆక్సిడెన్స్’. పుట్టుకలో ఇందులో ఏ తప్పూ లేదు, ఏ నిందా లేదు. రోమన్ సామ్రాజ్యం చివరి శతాబ్దాల్లో అంతియోకు రాజధానిగా ఉన్న తూర్పు ప్రాంతానికి పాలనాపరమైన పేరే ‘ఓరియన్స్’. క్రైస్తవ దేవాలయాలను తూర్పు ముఖంగా నిలపడం నుంచి ‘ఓరియంటేషన్’ పుట్టింది. కొత్తగా చేరిన పిల్లలకు మన కళాశాలల్లో మొదటిరోజు జరిపే కార్యక్రమానికి ఇవాళ్టికీ అదే పేరు. చిక్కు మాట పుట్టుకలో లేదు, అది ఎవరిని చూపిస్తూ వచ్చింది అన్నదానిలో ఉంది. ఒకప్పుడు సిరియా, పాలస్తీనాలను చూపించిన వేలు తరువాత ఈజిప్టు, పర్షియాల మీదికీ, అక్కడి నుంచి మన దేశం మీదికీ, చివరికి చైనా, జపానుల మీదికీ జరిగింది. షికాగో విశ్వవిద్యాలయంలో 1919లో జేమ్స్ హెన్రీ బ్రెస్టెడ్ స్థాపించిన ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధించింది ఈజిప్టు, మెసొపొటేమియా ప్రాంతాలను. అదే దేశంలో వీధిలో మనిషి నోట ‘ఓరియంటల్’ అంటే చైనీయుడో జపనీయుడో కొరియా మనిషో. ఒకే మాటకు ఇన్ని దేశాలు గురి కావడానికి కారణం, ఆ దేశాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఏమీ లేకపోవడమే. చూసేవాడికి అవన్నీ తూర్పున ఉన్నాయి, అంతే.

మన ‘ప్రాచ్య’ శబ్దం కథ వేరు. ఉదయించే సూర్యుడికి ఎదురుగా నిలబడి సంధ్యావందనం చేసే మనిషికి ముందున్నది ప్రాచి, కుడిచేతి వైపున్నది దక్షిణం, వెనకనున్నది పశ్చిమం. ఈ దిక్కుల పేర్లు మన శరీరం నుంచే పుట్టాయి. అమరకోశం రాసిన అమరసింహుడు శరావతీ నదిని హద్దుగా పెట్టుకుని, దానికి ఆగ్నేయంగా ఉన్న దేశం ప్రాచ్యమనీ, వాయవ్యంగా ఉన్నది ఉదీచ్యమనీ చెప్పాడు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో వారణాసికి ఆవల పూర్వదేశమనీ, మాహిష్మతికి ఆవల దక్షిణాపథమనీ లెక్కగట్టాడు. గ్రీకు రాయబారి మెగస్తనీసు పాటలీపుత్రపు జనాన్ని ‘ప్రాసియోయి’ అని గ్రీకులో రాసుకున్నది ఈ ప్రాచ్యులనే. ఈ లెక్కల్లో కొలత మొదలయ్యే చోటు మన నేల మీదే ఉంది. అది నదో, కాశీయో, మగధ సరిహద్దో. ఆ లెక్కన తిరుపతి దక్షిణాపథం. కాశీ పండితుడు మనల్ని దాక్షిణాత్యులు అనేవాడే కాని ప్రాచ్యులని అనడు.

దిక్కు పేరు చెప్పగానే చెప్పినవాడు ఎక్కడ నిలబడ్డాడో తెలిసిపోతుందని అర్థం చేసుకోవడానికి మన కొండ కన్నా మంచి సాక్ష్యం లేదు. ప్రాచీన తమిళ వ్యాకరణం తొల్కాప్పియం పాయిరంలో, అంటే పీఠికలో, తమిళం పలికే లోకానికి ఎల్లలు చెబుతూ ‘వడ వేంగడం, తెన్ కుమరి’ అన్నారు. వాళ్లకు తిరుమల ఉత్తరపు అంచు. అందుకే తెలుగువాళ్లు వాళ్లకు వడుగులు, అంటే ఉత్తరాదివాళ్లు. హంపీ నుంచి శ్రీకృష్ణదేవరాయలు స్వామి దర్శనానికి బయలుదేరితే అదే కొండ ఆగ్నేయాన ఉంది. కొండ కదలలేదు. ఇద్దరు చెప్పినదీ నిజమే, ఎందుకంటే ఇద్దరూ తమ ఇంటి గడప నుంచే దిక్కు చెప్పారు. తిరుపతిలో నిలబడి మన చదువును మనమే ‘ప్రాచ్యం’ అన్నప్పుడు మాత్రం మనం మన గడప మీద లేము. ఎక్కడో లండనులో నిలబడి ఇటు చూస్తున్నాము. నేను మీ దృష్టికి తేదలచినది ముఖ్యంగా ఇదే.

ఆ చోటుకు మనం ఎలా చేరామో చరిత్ర స్పష్టంగానే చెబుతుంది. 1784లో విలియం జోన్స్ కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీని నెలకొల్పాడు. ఆ మరుసటి ఏడు చార్లెస్ విల్కిన్స్ భగవద్గీతకు చేసిన ఇంగ్లీషు అనువాదం వెలువడింది. 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబానికి చెందిందనీ అచ్చులో నిరూపించాడు. వీళ్లు చేసిన మేలును నేను తక్కువ చేయను. ఆనాటి ‘ఓరియంటలిస్టు’ అన్న బిరుదు గౌరవంగానే మొదలైంది. 1813 చార్టరు చట్టం విద్య కోసం కేటాయించమన్న లక్ష రూపాయలను దేనికి ఖర్చుపెట్టాలన్న తగువులో, సంస్కృతం, అరబ్బీ చదువులకే పెట్టాలన్నవాళ్లు ఓరియంటలిస్టులు, ఇంగ్లీషు చదువుకు పెట్టాలన్నవాళ్లు ఆంగ్లిసిస్టులు. 1823లోనే రామమోహనరాయలు సంస్కృత కళాశాల వద్దని, గణితం, ప్రకృతి శాస్త్రాలు చెప్పించమని గవర్నర్ జనరలుకు లేఖ రాశాడు కాబట్టి ఇందులో దొరలొక వైపు, మనవాళ్లొక వైపు అన్న సులువైన విభజన కూడా లేదు. 1835 ఫిబ్రవరి 2న మెకాలే సమర్పించిన పత్రంతో తగువు తీరిపోయింది. తనకు సంస్కృతమూ రాదు, అరబ్బీ కూడా రాదని ఒప్పుకుంటూనే, మంచి ఐరోపా గ్రంథాలయంలోని ఒక్క పుస్తకాల అర ఇండియా, అరేబియాల సాహిత్యం మొత్తానికి సమానమని ఆయన రాశాడు. ఆ రోజు నుంచి ‘ఓరియంటల్’ చదువు ఓడిపోయిన చదువు. అది బతికింది కాని పక్క వాకిలి చదువుగా బతికింది.

ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా బాధించేది మన తెలుగువాళ్ల కథే. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ దక్షిణదేశమంతా తిరిగి సేకరించిన కైఫియ్యతులు (ఊళ్ల చరిత్రలు రాసిన పత్రాలు), శాసన ప్రతులు, తాళపత్రాలు ఇవాళ మన చరిత్రకు ఆధారాలు. మెకంజీకి ఈ భాషలు రావు. ఆ సేకరణకు కళ్లూ చెవులూ అయినవాళ్లు ఏలూరుకు చెందిన కావలి సోదరులు వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. గ్రామ కరణాలను కూర్చోబెట్టి మాట్లాడించింది వాళ్లు, శాసనాల లిపిని విడదీసింది వాళ్లు, ఎవరి దగ్గర ఏ గ్రంథం ఉందో ఆరా తీసి రప్పించింది వాళ్లు. బొర్రయ్య 1803లోనే చనిపోయాడు. లక్ష్మయ్య ఆ పనిని ఎన్నో ఏళ్లు నడిపాడు. 1821లో మెకంజీ మరణించాక, ఆ సేకరణను ముందుకు తీసుకుపోయే బాధ్యత తనకు అప్పగించమని లక్ష్మయ్య అడిగితే కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ ఒప్పుకోలేదు. అంత పెద్ద పనికి పైనుండి నడిపించే యోగ్యత దేశీయుడికి చాలదన్నది వారి భావన. ఆ రాతప్రతుల పరిశీలన తరువాత విలియం టేలర్ అనే మిషనరీ చేతికి వెళ్లింది. సమాచారం తెచ్చిపెట్టేటప్పుడు లక్ష్మయ్య పనికి వచ్చాడు, ఆ సమాచారానికి అర్థం చెప్పే చోట పనికి రాలేదు. తూర్పువాడు చదవదగిన వస్తువే కాని చదివేవాడు కాడన్న తీర్పు ఆ నిరాకరణలో ఉంది. 1978లో ఎడ్వర్డ్ సయీద్ ‘ఓరియంటలిజం’ అన్న తన గ్రంథంలో విమర్శించింది ఈ చూపునే. ఆయన ఉదాహరణలు ఎక్కువగా అరబ్బు దేశాలవి. ఆ వాదమంతటితో నేను ఏకీభవించను. జర్మనుల సంస్కృత కృషి ఆ చట్రంలో సరిగా ఇమడదని నా అభిప్రాయం. కాని లక్ష్మయ్యకు జరిగినది చదివినవాడెవడూ ఆ వాదాన్ని పూర్తిగా తోసిపుచ్చలేడు.

ఇక ఆ మాట నింద ఎప్పుడైందన్న విషయం. దానికి అమెరికా చట్టాలు సాక్ష్యం. 1882లో చైనా కూలీల రాకను నిషేధించారు. 1907లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్ ఊళ్లో పంజాబీ కూలీలను కొట్టి తరిమేశారు. 1917 వలస చట్టం ‘ఆసియాటిక్ నిషేధిత మండలం’ అని ఒక గీత గీసి మన దేశాన్ని కూడా అందులో చేర్చింది. 1923లో అక్కడ స్థిరపడిన పంజాబీ భగత్‌సింగ్ థింద్‌కు పౌరసత్వం చెల్లదని ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ రాతల్లోనూ, వీటిని కోరిన సంఘాల పేర్లలోనూ, కరపత్రాల్లోనూ ‘ఆసియాటిక్’, ‘ఓరియంటల్’ అన్న మాటలు మనుషులను వెలివేయడానికి పనికొచ్చాయి. మాట అదే, లాటిన్ వ్యుత్పత్తి అదే. దానికి అంటుకున్న మరక మాత్రం కొత్తది. రెండో ప్రపంచయుద్ధం తరువాత ‘ఆసియాటిక్’ను వదిలి ‘ఏషియన్’ అనడం మర్యాద అయింది. 1968లో బర్క్‌లీలో యూజీ ఇచియోకా, ఎమ్మా జీ తమ విద్యార్థి సంఘానికి ‘ఏషియన్ అమెరికన్’ అన్న పేరు పెట్టుకున్నారు. చైనా, జపాను, ఫిలిప్పీన్స్ మూలాల పిల్లలు ఒకే పేరు కిందికి తమంతట తాము చేరడం అదే మొదలు. 2002లో వాషింగ్టన్ రాష్ట్రం, 2009లో న్యూయార్కు రాష్ట్రం తమ ప్రభుత్వ పత్రాల్లో మనుషులకు ‘ఓరియంటల్’ అన్న మాట వాడకూడదని చట్టాలు చేశాయి. కేంద్ర ప్రభుత్వ స్థాయిలో, 1970ల నాటి రెండు చట్టాల్లో మిగిలిపోయిన ఆ మాటను తొలగించే బిల్లును దిగువ సభ సభ్యురాలు గ్రేస్ మెంగ్ ప్రవేశపెట్టగా, దిగువ సభలో ఒక్క వ్యతిరేక ఓటూ లేకుండా నెగ్గి, 2016 మే 20న అధ్యక్షుడు ఒబామా సంతకంతో అమలుకు వచ్చింది.

‘ఆసియా’ మాత్రం మన మాటా అని అడిగేవాళ్లుంటారు. కాదు. గ్రీకులు మొదట నేటి టర్కీ పడమటి భాగానికి పెట్టుకున్న పేరు అది, రోమన్లకు అదొక రాష్ట్రం పేరు. పైగా అది కూడా స్థిరంగా నిలబడిన మాట కాదు. బ్రిటనులో ‘ఏషియన్’ అంటే ముందుగా గుర్తొచ్చేది భారత, పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాలవాళ్లు, అమెరికాలో చైనా, కొరియాల మూలాలవాళ్లు. అయినా ఆ మాట నిలిచింది. ఎందుకంటే పిలిపించుకునేవాళ్లు దాన్ని ఎంచుకున్నారు. పేరు విషయంలో నేను దీన్నే పెద్ద ప్రమాణంగా భావిస్తాను.

విశ్వవిద్యాలయాలు కూడా ఇదే దారి పట్టాయి. 1873లో పారిస్‌లో మొదలైన ఓరియంటలిస్టుల అంతర్జాతీయ మహాసభ సరిగ్గా నూరేళ్లకు, 1973లో, అదే పారిస్‌లో ఆ పేరును వదిలేసింది. కేంబ్రిడ్జి 2007లోనూ, ఆక్స్‌ఫర్డు 2022లోనూ తమ ఓరియంటల్ విభాగాలకు ఆసియా, మధ్యప్రాచ్య అధ్యయనాలని పేరు మార్చుకున్నాయి. షికాగో సంస్థ 2023లో ప్రాచీన సంస్కృతుల అధ్యయన సంస్థ అయింది. అయితే ఇది ప్రపంచమంతటా జరిగిన మార్పు కాదని కూడా చెప్పాలి. నేపుల్స్ విశ్వవిద్యాలయం ‘లోరియెంటాలే’ అన్న పేరుతో గర్వంగానే ఉంది. పారిస్‌లో తూర్పు భాషలు నేర్పే ప్రభుత్వ సంస్థ పేరులోనూ ఆ మాట ఉంది. జపాను వాళ్లు 1924లో స్థాపించుకున్న ‘తోయో బుంకో’లోని ‘తోయో’ తూర్పు అన్న అర్థం గలదే. ఇటాలియన్లో, ఫ్రెంచిలో ఆ మాట మీద అమెరికా వలస చట్టాల నీడ లేదు. అందుచేత ఆక్స్‌ఫర్డు మార్చింది కాబట్టి మనమూ మార్చాలి అన్న వాదన నాకు నచ్చదు. వాళ్లు పెట్టినప్పుడు పెట్టుకుని వాళ్లు తీసినప్పుడు తీసేస్తే మనం ఆలోచించింది ఏముంది?

మన కారణం మన దగ్గరే ఉంది. ఈ గడ్డ మీద ‘ఓరియంటల్’ అన్న మాట మనిషి రంగునో ముఖాన్నో కించపరచలేదు, చదువును కించపరచింది. ఈ రంగంలో బతికిన ప్రతి ఒక్కరికీ ఇది తెలుసు. ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ, బైపీసీ సీటు దొరకనివాళ్లు చేరే కాలేజీ అని బంధువులు చప్పరించేవారు. ఓరియంటల్ టైటిల్ పరీక్ష ప్యాసై, భాషాప్రవీణ పట్టా పుచ్చుకుని బడిలో చేరిన పండితుడికి, ఎన్ని వందల పద్యాలు నోటికి వచ్చినా, లెక్కల మాస్టారితో సమానమైన జీతం, పదోన్నతి రావడానికి సంఘాలు కట్టి దశాబ్దాల పాటు అర్జీలు పెట్టుకోవలసి వచ్చింది. నేను పనిచేసిన ఒక బడిలో హాజరు పట్టీలో ఉపాధ్యాయుల పేర్లన్నీ అయ్యాక ఒక గీత కొట్టి, ఆ గీత కింద తెలుగు, హిందీ పండితుల పేర్లు, డ్రిల్లు మాస్టారి పేరు రాసేవారు. సర్వీసులో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నదానితో నిమిత్తం లేదు. సంతకం పెట్టడానికి రోజూ ఆ గీత కిందికి చూపు దించవలసిందే. మెకాలే కాలంలో పక్కకు జరిపిన చదువు మనకు స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ పక్కనే ఉండిపోయింది. ఆ స్థానాన్ని గుర్తుచేసే బిళ్లగా ఈ పేరు మిగిలింది.

రెండో కారణం మన పిల్లలది. నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకరు విదేశంలో పరిశోధనకు దరఖాస్తు పెట్టుకుంటూ, తన ఇంగ్లీషు వ్యాసాన్ని ఒకసారి చూడమని పంపింది. తన పట్టా పేరును బట్టి తనను తాను ‘ఓరియంటల్ స్టూడెంట్’ అని రాసుకుంది. ఇంకొక చోట, అక్కడి చైనా, జపాను విద్యార్థులతో కలిసి పనిచేయాలని ఉందన్న మంచి మాటను, వాళ్లను ‘ఓరియంటల్స్’ అని పిలుస్తూ చెప్పింది. ఆ పిల్ల మనసులో ఏ చెడూ లేదు. మన సంస్థల బోర్డు మీద, మన పట్టా మీద, మన ప్రాస్పెక్టస్ మీద ఉన్న మాట గౌరవప్రదమైనదేనని నమ్మింది. చదివే ఆచార్యుడికి ఆ నేపథ్యం తెలియకపోతే ఆ దరఖాస్తుకు ఏ గతి పట్టేదో నేను చెప్పనక్కరలేదు. తరగతిలో ఒక్క గంట కేటాయించి ఈ మాట చరిత్ర చెబితే ఈ ఇబ్బంది ఉండదు, కాని మన పాఠ్యప్రణాళికల్లో ఆ గంట ఎక్కడా కనబడదు.

తివాచీలకూ, పక్షుల పేర్లకూ, బీమా కంపెనీకీ ఈ మాట ఉంటే ఉండనివ్వండి. జంతుశాస్త్రంలో వాలెస్ 1876లో స్థిరపరచిన ‘ఓరియంటల్ రీజియన్’ జోలికీ నేను పోవడం లేదు. వస్తువుకు నొప్పి లేదు. నా విన్నపం మనుషులను, వాళ్ల చదువును చెప్పే చోట్ల గురించి మాత్రమే.

ప్రాచ్య అన్న పేరు వెనక ఈ ఊళ్లో జరిగిన మహత్తరమైన పని ఉందని, దానిని తుడిచేయడం కృతఘ్నత అవుతుందని కొందరు పెద్దలు అంటారు. ఆ మాటను నేను చాలా గౌరవంతో వింటాను. 1939లో తిరుమల తిరుపతి దేవస్థానం శ్రీవేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థను నెలకొల్పింది. మరుసటి ఏడే, 1940లో, అఖిల భారత ప్రాచ్య విద్యా మహాసభ పదో సమావేశం ఇక్కడ జరిగింది. 1919లో పుణెలో మొదలై కలకత్తా, మద్రాసు, లాహోరు, బరోడాల వంటి మహానగరాలు తిరిగిన సభ మన చిన్న పట్టణానికి వచ్చింది. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు ఈ సంస్థలో కూర్చుని రాగిరేకుల మీది అన్నమాచార్య సంకీర్తనలను పరిష్కరించారు. 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక, 1956లో సంస్థ దాని చేతికి వచ్చింది. ఈ కృషి చేసినవాళ్లెవరూ తమను తక్కువ చేసుకోవడానికి ఆ పేరు పెట్టుకోలేదు. మద్రాసులో, మైసూరులో, పుణెలో, బరోడాలో అప్పటికే స్థిరపడిన పేరు అది, పండిత లోకంలో వెంటనే గుర్తుపట్టే పేరు. అందుకే ఆనాటి శిలాఫలకాలను, గ్రంథమాలల పేర్లను కదిలించవద్దని ముందే అన్నాను. మైసూరు సంస్థలో 1905లో శామశాస్త్రి గారు గుర్తించిన అర్థశాస్త్ర ప్రతిని పండితులు ఏ పేరుతో ఉదహరిస్తున్నారో ఆ పేరు మారిస్తే వెతుక్కునేవాళ్లకే కష్టం. పాత ప్రచురణలకూ ఇదే వర్తిస్తుంది.

అయితే ఆ పేరు మన పనిని చూపిస్తోందా అన్నది చూడండి. ఒక తాళపత్ర గ్రంథం బల్ల మీదికి వచ్చినప్పుడు మొదట పై చెక్కల చుట్టూ ఉన్న దారం విప్పుతారు. ఆకులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే తొందరపడకుండా విడదీస్తారు. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, నిమ్మగడ్డి నూనె గుడ్డతో పలచగా రాస్తారు. ఎండి పెళుసైన ఆకు కొంత మెత్తబడుతుంది. గంటం గీతలు కంటికి ఆనకపోతే దీపపు మసి అద్ది తుడుస్తారు. మసి గీతల్లో నిలిచి, అప్పటిదాకా ఖాళీగా కనిపించిన ఆకు మీద అక్షరాలు నల్లగా లేచి వస్తాయి. ఆ అక్షరాలు తెలుగు లిపి కావచ్చు, గ్రంథ లిపి కావచ్చు, నందినాగరి లిపి కావచ్చు. భాష సంస్కృతమా, తెలుగా అన్నది ఆ తరువాతి మాట. తిరుమల గోడల మీది శాసనాలు ఎక్కువ భాగం తమిళం, మిగిలినవి తెలుగు, కన్నడ, సంస్కృతాలు. ఇన్ని లిపులు, ఇన్ని భాషలు ఒకేచోట చదవగలిగిన మనుషులను తయారుచేయడం మన సంస్థలకు ఉన్న అరుదైన శక్తి. ‘ప్రాచ్య’ అన్న పేరు ఇందులో ఒక్కటీ చెప్పదు. సంస్కృతాంధ్ర భాషల కళాశాల అంటే చెబుతుంది. తాళపత్ర, శాసన పరిశోధన సంస్థ అంటే చెబుతుంది. దక్షిణ భారత భాషలు, లిపులు అని ఇంగ్లీషులో రాస్తే బెర్లిన్‌లో చదివేవాడికీ కుప్పంలో చదివేవాడికీ ఒకే విధంగా అర్థమవుతుంది.

దీనిని ఆచరణలో పెట్టేటప్పుడు జాగ్రత్త పడవలసిన చోటు ఒకటుంది. పట్టా పేరు మారగానే ఉద్యోగ నియామక ప్రకటనల్లో పాత పేరు ఉండి, కొత్త పట్టా చేతబట్టుకున్న పిల్లవాణ్ణి అనర్హుడనే ప్రమాదం ఉంది. కొన్నేళ్లు గడిచాక పాత పట్టాలవాళ్లకు అదే గతి పడుతుంది. పండితుల నియామకాల్లో అర్హతల వివాదాలు కోర్టుల దాకా వెళ్లడం మనకు కొత్త కాదు. కాబట్టి కోర్సు పేరు మార్చే తీర్మానం కన్నా ముందే, రెండు పేర్లూ సమానమని ప్రభుత్వం చేత స్పష్టమైన ఉత్తర్వు ఇప్పించుకోవాలి. అది చేతికి వచ్చేదాకా పట్టాల మీద ఉన్న పేరును ముట్టుకోవద్దని గట్టిగా కోరుతున్నాను. ఈలోగా ఖర్చూ ప్రమాదమూ లేని పనులు మీ చేతుల్లోనే ఉన్నాయి. వెబ్‌సైటు మీదా, విదేశీ సంస్థలతో చేసుకునే ఒప్పందాల మీదా సంస్థ అధికారిక నామం కింద ఒక వాక్యం చేర్చి, ఇక్కడ ఏ భాషలు, ఏ లిపులు బోధిస్తారో చెప్పండి. విద్యార్థులకు ఇచ్చే నమూనా లేఖల్లో మనుషులకు వాడిన ‘ఓరియంటల్’ను తీసేయండి. మొదటి సంవత్సరం భాషా చరిత్ర పాఠంలో ఈ మాట కథను చేర్చండి, అందులో కావలి లక్ష్మయ్య పేరు కూడా ఉండాలి. భవనం ముందున్న పాత ఫలకం పక్కన, ఆ పేరు ఏ కాలంలో ఎందుకు పెట్టారో చెప్పే చిన్న పలక ఒకటి తెలుగులో పెట్టించండి.

పేరు మార్పు గురించి నిర్ణయం పాలకమండలి గదిలోనే జరిగిపోకూడదని నా చివరి మనవి. ఆ పేరున్న పట్టాలతో బతుకు వెళ్లదీసినవాళ్లు తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఊరికొకరైనా ఉంటారు. వాళ్లలో చాలామంది నాతో విభేదిస్తారని నాకు తెలుసు. పూర్వ విద్యార్థులందరికీ ప్రకటన ఇచ్చి, అభిప్రాయాలు రాతపూర్వకంగా తెప్పించుకుని, వాటిని అందరూ చూడగలిగేలా పెట్టి, ఆ తరువాతే తీర్మానం చేయండి. ఆ సమావేశానికి పిలిస్తే, నా దగ్గర భద్రంగా ఉన్న పాత ప్రాస్పెక్టస్‌లు, ప్రశ్నపత్రాలు తీసుకుని వస్తాను. అప్పట్లో ఏ సబ్జెక్టును ఏ పేరుతో పిలిచేవారో వాటిలో ఉంది.

ఇట్లు,
విధేయుడు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు,
తిరుపతి